శరత్కాలం చూసి చలికాలం చెప్పవచ్చునా?

దసరా సెలవుల నుంచి తిరిగి వచ్చిన దగ్గర నుంచీ మన హాస్టల్లో ఒకటే మాట. "ఈ ఏడు చలి గట్టిగా ఉంటాదట!" ఎవరు చెప్పారురా అని అడిగితే ఒకడు మా తాత అంటాడు, ఒకడు సంతలో విన్నానంటాడు. ఇంకొకడు గెడ్డ దగ్గరికి చలికాలపు పిట్టలు ముందే వచ్చేశాయి గనుక అంటాడు. దీనికి ఎదురు పార్టీ కూడా ఉంది. వానలు సరిగ్గా పడని ఏడు చలి కూడా అంతంతమాత్రమే అని వాళ్ళ వాదన. రెండు పార్టీల వాళ్ళూ గట్టిగానే మాట్లాడుతున్నారు గాని, ఎందుకు అంటే మాత్రం చెప్పరు.

ఇది ఊసుపోక కబురైతే నేను ఇంత కాగితం ఖర్చు చేసేవాణ్ణి కాదు. ఒక ఏడు ఏమైందో పెద్ద తరగతుల వాళ్ళకి జ్ఞాపకం ఉండే ఉంటుంది. ఈసారి చలి తక్కువే, తొందరేమీ లేదు అని ఎవరో పెద్దమనిషి అన్నారు. ఆ మాట మీద రగ్గులు రావడం వెనక్కి వెనక్కి పోయింది. మార్గశిరమంతా మూడో తరగతి పిల్లలు ఇద్దరు ముగ్గురు ఒక్క దుప్పటిలో ముడుచుకు పడుకున్నారు. రాత్రంతా దగ్గులే. కాబట్టి మిత్రులారా, శరత్కాలాన్ని చూసి చలికాలం ఎంత చెప్పవచ్చు, ఎంత చెప్పకూడదు అన్నది మన పక్కబట్టలకు సంబంధించిన విషయం.

ముందు శరత్తు అంటే ఏమిటో చూద్దాం. తెలుగు పుస్తకంలో చదువుకున్నట్టు ఆశ్వయుజ, కార్తీక మాసాలు శరదృతువు. మార్గశిరం, పుష్యం హేమంతం. మాఘం, ఫాల్గుణం శిశిరం. వాతావరణ శాఖ వారి లెక్క వేరు. జూన్ నుంచి సెప్టెంబరు వరకు నైరుతి రుతుపవనాల కాలం, అక్టోబరు నుంచి డిసెంబరు వరకు రుతుపవనాల తరువాతి కాలం, జనవరి, ఫిబ్రవరి చలికాలం. అంటే డిసెంబరు నెలాఖరున మనం పళ్ళు కటకటలాడించుకుంటూ స్నానానికి పోతామే, అది వాళ్ళ పట్టికలో ఇంకా చలికాలం కాదన్నమాట! ఢిల్లీ కాగితం ఏదన్నా అననీ, మన కొండల మీద చలి కార్తీకంలోనే వచ్చి గుమ్మంలో కూర్చుంటుంది.

అది ఎందుకు వస్తుంది? మొదటి కారణం సూర్యుడు. దీన్ని ఎవరైనా చూడవచ్చు. మైదానంలో పది అడుగుల కర్ర నిలువుగా పాతి మిట్టమధ్యాహ్నం నీడ కొలవండి. సెప్టెంబరు 23న నీడ మూడుంపావు అడుగులు ఉంటుంది. అక్టోబరు 20 నాటికి అయిదున్నర అడుగుల దగ్గరికి వస్తుంది. డిసెంబరు 22న తొమ్మిది అడుగులకు కాస్త తక్కువ. కర్ర అదే, నీడ మాత్రం దాదాపు మూడింతలైంది. సూర్యుడు దక్షిణానికి జరిగి కిందికి వాలాడు, ఎండ ఏటవాలుగా పడుతోంది. అంత ఎండే ఎక్కువ నేల మీద పరుచుకుంటే ఒక్కొక్క చోటుకి దక్కేది తక్కువ కదా. పైగా పగలు కూడా చిన్నదవుతుంది. మన ప్రాంతంలో జూన్‌లో పగలు సుమారు 13 గంటలు, డిసెంబరులో సుమారు 11 గంటలు. మార్గశిరంలో మాట్లాడేందుకు పొద్దుండదని పెద్దవాళ్ళు అనేది ఇందుకే. ఇంకొక సంగతి. దేశమంతటి గడియారాలకు ఆధారమైన 82½ డిగ్రీల రేఖాంశం కాకినాడకు దగ్గరగా పోతుంది. మనం దానికి దగ్గరలోనే ఉన్నాం. అందుచేత మన గడియారం 12 కొట్టేవేళకు సూర్యుడు ఇంచుమించు నడినెత్తి గీత మీదే ఉంటాడు. నీడ కొలవడానికి దేశంలో ఇంత అనువైన చోట్లు అన్నీ ఉండవు.

డిసెంబరు 22 అన్నిటికన్నా చిన్న పగలు గదా, మరి ఆ రోజే అన్నిటికన్నా ఎక్కువ చలి ఉండాలి, అలాగ ఎందుకు ఉండదు అని ఎనిమిదో తరగతి తమ్ముడు ఒకడు అడిగాడు. మంచి ప్రశ్న. మన బియ్యం స్టాకు చూడండి. రోజూ వచ్చేది తక్కువ, వండేది ఎక్కువ అయితే స్టాకు తరుగుతూ పోతుంది. రేపటి నుంచి వచ్చేది కొద్దికొద్దిగా పెరిగినా, అది ఖర్చుతో సమానమయ్యే దాకా స్టాకు ఇంకా దిగుతూనే ఉంటుంది. నేలలో వేడి కూడా అంతే. డిసెంబరు 22 తరువాత ఎండ జమ పెరుగుతుంది గాని రాత్రి ఖర్చును అందుకోవడానికి ఇంకా కొన్ని వారాలు పడుతుంది. అందుకే గట్టి చలి డిసెంబరు చివర, జనవరిలో సంక్రాంతి వరకు.

సూర్యుడి లెక్క ప్రతి ఏడూ ఒక్కటే. మరి ఒక ఏడు చలి ఎక్కువ, ఒక ఏడు తక్కువ ఎందుకుంటుంది? ఇక్కడ మబ్బు సంగతి వస్తుంది. అసలు విషయం అంతా ఇక్కడే ఉంది గనుక దీన్ని కొంచెం నిదానంగా చదవండి.

నేల పగలు ఎండకు వేడెక్కుతుంది. రాత్రి ఆ వేడిని కంటికి కనపడని కిరణాలుగా ఆకాశంలోకి వదిలేస్తుంది. పైన మబ్బు ఉంటే ఆ కిరణాలను పట్టుకుని, కొంత వేడిని తిరిగి కిందికే పంపుతుంది. మబ్బు లేకపోతే వేడి పోయిన దారినే పోతుంది. అంటే మబ్బు నేలకు దుప్పటి. మనం దుప్పటి లేక వణికినట్టే నేల మబ్బు లేక చల్లబడుతుంది. మాస్టారు ఈ మాట చెప్పినప్పుడు నాకు నమ్మకం కుదరలేదు. అందుకని ఒక పని చేశాం, మీరూ చేసి చూడండి. రాత్రి భోజనాలయ్యాక రెండు స్టీలు కంచాలు తుడిచి ఒకటి మైదానం మధ్యలో, ఒకటి మామిడిచెట్టు కింద పెట్టాం. తెల్లవారు స్టడీకి లేచినప్పుడు చూస్తే మైదానంలోది చెమర్చి నీళ్ళు కారుతోంది, చెట్టు కిందది పొడిగా ఉంది. రాత్రి ఒక్కటే, గాలి ఒక్కటే, కంచాలూ ఒక్క రకమే. తేడా ఏమిటంటే ఒకటి ఆకాశాన్ని నేరుగా చూసింది, రెండోదానికి చెట్టు గొడుగు పట్టింది. మబ్బు పట్టిన రాత్రి మళ్ళీ పెట్టాం. ఆ రోజు రెండూ పొడిగానే ఉన్నాయి.

దీన్నిబట్టి ఇంకొకటి కూడా తెలిసింది. మంచు కురిసింది అంటాం గాని మంచు పైనుంచి కురవదు. కంచం చుట్టూ ఉన్న గాలి కన్నా చల్లబడినప్పుడు గాలిలో ఉన్న ఆవిరే దాని మీద నీరై పట్టుకుంటుంది. మా అమ్మ కాఫీ పళ్ళు ఆరబెట్టినప్పుడు పొద్దు గూకకముందే టార్పాలిను కప్పేసేది. వాన లేదు కదమ్మా ఎందుకు అంటే, "ఆకాశం చూసిందంటే తడిసిపోతాదిరా" అనేది. నేను సైన్సు పుస్తకంలో చదవకముందే మా అమ్మ నోట వచ్చిన మాట ఇది.

మన తెలుగులో మంచు అనే మాట ఒక్కటే ఉండడం వల్ల కూడా కొంత గందరగోళం ఉంది. ఆకు మీది నీటిబొట్టూ మంచే, దారి కనపడకుండా కమ్మేదీ మంచే, హిమాలయాల మీద పడేదీ మంచే. లంబసింగికి పట్నాల నుంచి వచ్చేవాళ్ళు కొందరు మూడోదాని కోసం వస్తారు పాపం. వాళ్ళకు దొరికేది రెండోది, పొగమంచు. అంటే నేల మీద దిగిన మబ్బు. బాగా చలి చేసిన తెల్లవారుజామున గడ్డి మీద, బండ్ల మీద నీటిబొట్లు గడ్డకట్టి తెల్లగా పేరుకోవడం కూడా ఉంది. అది ఆకాశం నుంచి రాలిన హిమం కాదు, అక్కడికక్కడ పేరుకున్నది. అక్కడివాళ్ళు ఆ ఊరికి ఇంకో పేరు కొర్రబయలు అని చెబుతారు. బయట ఉన్నవాడు చలికి కొర్రులా బిగుసుకుపోతాడని దాని అర్థమట.

లంబసింగికే అంత చలి ఎందుకు? సముద్రమట్టానికి సుమారు 1000 మీటర్ల ఎత్తున ఉంది. పైకి పోయేకొద్దీ ప్రతి కిలోమీటరుకు సుమారు ఆరున్నర డిగ్రీలు తగ్గుతుంది. కింద నర్సీపట్నంలో చొక్కా ఒక్కటి సరిపోయిన రాత్రి ఘాటు ఎక్కి పైకి వస్తే స్వెట్టరు కావాలి. విశాఖపట్నం మనతో పాటు ఒకే వరుసలో ఉన్నా అక్కడ ఇంత చలి లేదు. ఒకటి ఎత్తు లేదు, రెండు పక్కన సముద్రం ఉంది. నీరు నిదానంగా వేడెక్కి నిదానంగా చల్లారుతుంది గనుక రాత్రి సముద్రం ఊరిని కాచుకుని ఉంటుంది. మనకు ఆ ఆసరా లేదు.

ఎత్తు ఎక్కేకొద్దీ చలి అన్నాను గదా. కాని తెల్లవారుజామున దీనికి పూర్తిగా తిరగబడిన సంగతి జరుగుతుంది. చల్లగాలి బరువు. రాత్రి కొండవాలు మీద చల్లబడిన గాలి నీళ్ళలాగే పల్లానికి జారి అక్కడ నిలుస్తుంది. వేకువన గెడ్డకు దిగినవాళ్ళకు ఇది తెలుసు, ఒక్కొక్క మెట్టు దిగుతుంటే చలి ముందు పాదాలకు, తరువాత మోకాళ్ళకు పట్టుకుంటుంది. పల్లంలో నిలిచిన ఆ చల్లగాలిలోనే పొగమంచు కడుతుంది. పాడేరు దగ్గర వంజంగి కొండ మీదికి జనం తెల్లవారకముందే ఎక్కేది ఇది చూడడానికే. కొండ మీద ఆకాశం నిర్మలంగా ఉంటుంది, కింద లోయ నిండా మబ్బు పాల సముద్రంలా పరుచుకుంటుంది. చూడడానికి వచ్చినవాడికి అది అందం. ఆ పాలసముద్రం అడుగున రాజ్మా చేను ఉన్నవాడికి మాత్రం నిద్ర పట్టదు. గడ్డకట్టే చలి పడితే చిక్కుడు జాతి మొక్క లేత ఆకు, పూత నల్లబడి పోతాయి. ఒకే ఊళ్ళో వాలు మీది చేను బతికి పల్లంలోది పోవడానికి కారణం ఈ జారిన గాలే.

ఇప్పుడు గాలి మాట. నైరుతి రుతుపవనాలు మామూలుగా సెప్టెంబరు 17 ప్రాంతంలో పడమటి రాజస్థాన్ నుంచి వెనక్కి తిరగడం మొదలుపెడతాయి. అక్టోబరు 15 నాటికి దేశమంతా ఖాళీ చేస్తాయి. అంతవరకు నైరుతి నుంచి తడిగాలి వస్తుంది, తరువాత ఉత్తరం, ఈశాన్యం నుంచి గాలి తిరుగుతుంది. ఈశాన్య రుతుపవనం వానలు నెల్లూరుకు, తమిళనాడుకు ముఖ్యం గాని మన కొండలకు పెద్దగా దక్కవు. మనకు దక్కేది ఉత్తరపు పొడిగాలి. పొడిగాలిలో ఆవిరి తక్కువ. ఆవిరి కూడా మబ్బులాగే వేడిని పట్టి ఉంచుతుంది. కాబట్టి గాలి పొడిబారిందంటే నేల మీది పల్చటి దుప్పటి కూడా తీసేసినట్టే.

మధ్యలో తుఫాన్లు ఉన్నాయి. బంగాళాఖాతంలో పెద్ద తుఫాన్లు ఎక్కువగా వచ్చేది ఈ శరత్తులోనే. దివిసీమను ముంచింది 1977 నవంబరులో, కోనసీమను కొట్టింది 1996 నవంబరులో, ఒడిశాను ఊడ్చింది 1999 అక్టోబరులో, హుద్‌హుద్ 2014 అక్టోబరు 12న విశాఖపట్నం దగ్గర తీరం దాటింది, తిత్లీ 2018 అక్టోబరులో శ్రీకాకుళం మీద పడింది. తుఫాను ఉన్నన్నాళ్ళు మబ్బు కమ్ముకుని ఉంటుంది గనుక రాత్రులు వెచ్చగానే ఉంటాయి. అది పోయి ఆకాశం తేటపడి ఉత్తరపు గాలి అందుకుందా, రెండు మూడు రోజుల్లోనే చలి దబ్బున పడుతుంది. నిన్నటిదాకా వెచ్చగా ఉంది గదా అని దుప్పట్లు పెట్టెలో దాచుకున్నవాడు ఆ రాత్రే దొరికిపోతాడు. హుద్‌హుద్ మన ఏజెన్సీలో ఇంకొక పని కూడా చేసింది. కాఫీ తోటల్లో నీడనిచ్చే సిల్వర్ ఓక్ చెట్లను లెక్కలేనన్ని పడగొట్టింది. పైన చెప్పిన కంచాల సంగతి గుర్తు తెచ్చుకుంటే, గొడుగు పోయిన కాఫీ మొక్కకు పగలు ఎండా, రాత్రి చలీ రెండూ ఎక్కువే అని తెలుస్తుంది.

ఇంత తెలిశాక మన రెండు పార్టీల వాదం చూద్దాం. వాన ఎక్కువ పడితే చలి ఎక్కువ అన్నది మొదటిది. నేల బాగా తడిసి ఉంటే పగటి వేడి కొంత లోపల దాచుకుంటుంది, గాలిలో ఆవిరి కూడా ఎక్కువ ఉంటుంది. రెండూ రాత్రిని కొంత వెచ్చగా ఉంచేవే. పొడినేల అయితే తొందరగా చల్లారుతుంది. అంటే లెక్క ప్రకారం మాట తిరగబడాలి. అయితే మన పెద్దలు ఊరికే అన్నారా? అలా అనుకోవడం నాకు ఇష్టం లేదు. తడి ఎక్కువున్న ఏడు పొగమంచు, చెమ్మ ఎక్కువ. బట్టలు ఆరవు, పక్క చెమర్చుతుంది. తడిబట్ట ఒంటి వేడిని తొందరగా లాగేస్తుంది. థర్మామీటరు ఎక్కువ చూపినా మనిషికి ఎక్కువ చలేస్తుంది. తాతలు చెప్పింది మనిషి చలి, మనం కొలిచేది గాలి చలి. రెండూ వేరు. ఇక వాన లేని ఏడు చలి తక్కువ అన్న రెండో పార్టీ వాళ్ళకు మాత్రం నేను ఏమీ సాయం చేయలేను. మబ్బు లేని పొడి ఏడు రాత్రులు ఇంకా చల్లబడడానికే అవకాశం ఎక్కువ.

పిట్టల మాట. గెడ్డ రాళ్ళ మీద తోక ఆడించుకుంటూ తిరిగే పిట్ట, వీపు బూడిదరంగు, పొట్ట పసుపు, అందరూ చూసిందే. అది వేసవిలో హిమాలయాలలో, అవతలి దేశాలలో గుడ్లు పెట్టుకుని సెప్టెంబరు, అక్టోబరులో ఇటు వస్తుంది, మార్చి, ఏప్రిల్‌లో పోతుంది. అది బయల్దేరేది అక్కడ పగలు తగ్గడం చూసి, అక్కడ తిండి తగ్గడం చూసి. ఇక్కడ పుష్యమాసంలో ఏమవుతుందో దానికేం తెలుసు? పిట్ట తెచ్చింది అది వదిలి వచ్చిన ఊరి కబురు, మన ఊరి జాతకం కాదు. కీచురాళ్ళు కూడా ఇంతే. చలి పెరిగేకొద్దీ నెమ్మదిగా అరుస్తాయి. అమెరికాలో డాల్బేర్ అనే ఆయన 1897లో అక్కడి ఒక రకం కీచురాయి అరుపులు లెక్కపెట్టి ఉష్ణోగ్రత చెప్పే సూత్రం రాశాడు. అది చెప్పేది ఆ క్షణపు చలి మాత్రమే. వలిసె పూలు విరగబూసినా అంతే, వెనక పడిన వాన మాట చెబుతాయి.

చంద్రుడి చుట్టూ గుడి కట్టడం మాత్రం నేను తీసిపారెయ్యను. చాలా ఎత్తున పల్చటి మబ్బులో ఉన్న మంచు పలుకుల గుండా వెలుతురు వంగి ఆ గుండ్రం కనపడుతుంది. అలాంటి పల్చటి మబ్బు తరచు వాయుగుండానికి ముందు నడిచే బంట్రోతు. గుడి కట్టిందంటే ఒకటి రెండు రోజుల్లో మబ్బు పట్టవచ్చు, రాత్రులు కాస్త వెచ్చబడవచ్చు. ప్రతిసారీ నిజం కాదు, కాని కారణం ఉన్న గుర్తు ఇది. మీరు గమనించారో లేదో, పనికొచ్చే గుర్తులన్నీ రేపటి మాట, ఎల్లుండి మాట చెబుతున్నాయి. మూడు నెలల మాట చెప్పేది ఇంతవరకు ఒక్కటీ రాలేదు.

మూడు నెలల మాట కొద్దిగా చెప్పేది ఒకటుంది. అయితే అది మన కొండల మీద లేదు, పసిఫిక్ మహాసముద్రంలో ఉంది. దీని కథ మన దేశంలోనే మొదలైంది. 1875లో భారత వాతావరణ శాఖ ఏర్పడింది. 1904లో గిల్బర్ట్ వాకర్ అనే గణిత పండితుడు దానికి అధిపతిగా వచ్చాడు. కరువులు వచ్చే ఏడు వానలు ముందే తెలుసుకోవాలని ఆయన కోరిక. ప్రపంచంలో ఎక్కడెక్కడి లెక్కలో తెప్పించి గుమాస్తాల చేత కూడికలు తీసివేతలు చేయించాడు. పసిఫిక్ వైపు గాలి పీడనం పెరిగితే హిందూ మహాసముద్రం వైపు తగ్గడం, అటు తగ్గితే ఇటు పెరగడం, త్రాసు తట్టల్లా ఆడుతున్నాయని కనిపెట్టాడు. పెరూ దేశపు జాలరులకు ఎల్ నినో ముందే తెలుసు, క్రిస్మస్ వేళకు వచ్చే వేడి నీటికి బాల యేసు పేరు వాళ్ళే పెట్టారు. ఈ రెండూ ఒక్కటే సంగతి అని 1960లలో తేలింది. తూర్పు, మధ్య పసిఫిక్ నీరు మామూలు కంటే అర డిగ్రీ, ఆపైన వేడెక్కి నెలల తరబడి అలాగే ఉంటే ఎల్ నినో, అంత చల్లబడితే లా నినా. లా నినా ఏళ్ళలో ఉత్తర భారతంలో చలి ఎక్కువగా ఉండే అవకాశం ఉంది, ఎల్ నినో ఏళ్ళలో తక్కువగా ఉండే అవకాశం ఉంది. అవకాశం అన్న మాట కింద గీత గీశాను, చూడండి. 2023–24 చలికాలం ఎల్ నినో కాలమే. కాని 2024 జనవరిలో ఢిల్లీ, పంజాబు, ఉత్తరప్రదేశ్ వైపు రోజుల తరబడి పొగమంచు కమ్మి పగలు కూడా జనం వణికిపోయారు. ఉత్తరాదికే ఇలాగుంటే దూరాన ఉన్న మన కొండలకు ఆ లెక్క ఇంకా పల్చబడి వస్తుంది.

వాతావరణ శాఖ వాళ్ళు డిసెంబరు మొదట్లో ఫిబ్రవరి వరకు అంచనా ఇస్తారు. అందులో కూడా ఉండేది ఇన్ని పాళ్ళు అవకాశం అనే. అది వచ్చే సరికి మనకు సగం చలి అయిపోయి ఉంటుంది. ఆ అంచనా మొత్తం కాలానికి సగటు. మన దగ్గును తెచ్చేది సగటు కాదు, గట్టి రాత్రులు నాలుగైదు. 1901 నుంచి ఉన్న లెక్కల్లో దేశంలో అన్నిటికన్నా వేడి సంవత్సరం 2024 అని వాతావరణ శాఖే చెప్పింది. అంతమాత్రాన గట్టి రాత్రులు రావడం మానలేదు.

కాబట్టి వార్డెన్ గారికి, మెస్ కమిటీ వాళ్ళకి నా మనవి. ఈ ఏడు చలి ఎక్కువా తక్కువా అన్న వాదన తేలే దాకా ఆగకూడదు, అది తేలదు. స్వాతి కార్తె, అంటే అక్టోబరు 24 ప్రాంతం, వచ్చేసరికి రగ్గులు ఎండలో వేసి దులిపి పంచాలి. నీడ కర్ర ప్రతి ఏడూ ఒకే మాట చెబుతుంది గనుక తేదీ పెట్టుకోవడానికి అదొక్కటే చాలు. ఏ రాత్రి గట్టిది అన్నది ఆ సాయంత్రం చెప్పవచ్చు. పొద్దుగూకేవేళ మబ్బు లేకుండా చుక్కలు పదునుగా కనపడి, చెట్టు ఆకు కదలకుండా ఉండి, పగలు పెదవులు పగిలేంత పొడిగా ఉంటే ఆ రాత్రి చిన్నపిల్లలను లోపలి వరసలోకి మార్చాలి. గాలి ఆడకపోతే చలి తగ్గుతుందనుకుంటారు గాని, గాలి ఆడితేనే పైనున్న వెచ్చటి గాలి కిందికి కలుస్తుంది.

రేకుల కప్పు ఉన్న గదిలో ఇంకో తంటా ఉంది. రేకు కూడా మైదానంలో పెట్టిన కంచం లాంటిదే, రాత్రంతా ఆకాశాన్ని చూస్తుంది. అది చల్లబడితే లోపల నలభై మంది ఊపిరిలో ఉన్న ఆవిరి దాని అడుగున నీరై పట్టి బొట్టుబొట్టుగా మీద పడుతుంది. రేకు కారుతోందని మనవాళ్ళు మేకు రంధ్రాలు వెతుకుతారు. వానే లేనప్పుడు రంధ్రం ఏం చేస్తుంది? కిటికీలన్నీ బిగించడం వల్ల ఇది ఎక్కువవుతుంది. పైన ఉన్న వెంటిలేటరు ఒకటి రెండు తెరిచి ఉంచి, పక్కల పైన గోనెపట్టాలు సీలింగులా కట్టుకుంటే చాలావరకు తగ్గుతుంది.

తలుపులు మూసిన గదిలో బొగ్గుల కుంపటి మాత్రం ఎవరూ పెట్టవద్దు, ఎంత చలైనా సరే. బొగ్గు సరిగా గాలి అందక మండితే కార్బన్ మోనాక్సైడు అనే వాయువు వస్తుంది. దానికి వాసన లేదు, రంగు లేదు, కళ్ళు మండవు. నిద్రపోతున్నవాడు నిద్రలోనే పోతాడు. ఇళ్ళల్లో పొయ్యి చుట్టూ పడుకున్నా ఏమీ కాలేదు గదా అంటే, గడ్డికప్పు సందుల్లోంచి గాలి ఆడుతుంది, సిమెంటు గదిలో ఆడదు. చలిమంట వేసుకుంటే బయట మైదానంలో వేసుకుని, ఆర్పి లోపలికి రావాలి.

కంచాల పరీక్ష ఈ వారం నుంచి రోజూ చేస్తాం. ఏ రాత్రి ఏ కంచం తడిసిందో ఈ గోడపత్రిక పక్కనే సుద్దముక్కతో రాస్తాం. రోజుకిద్దరు చొప్పున ఎనిమిదో తరగతి వాళ్ళు పేర్లు ఇవ్వాలి. ఎవరి కంచం వాళ్ళే తెచ్చుకోవాలి. మైదానంలో కంచం కనపడితే వంటశాలది అనుకుని తీసుకెళ్ళి కడిగెయ్యవద్దని వంటవాళ్ళ మామ్మగారికి చెప్పి ఉంచాం, అయినా మీరు కూడా ఒకసారి గుర్తు చెయ్యండి.